పెంకుకు చిల్లు పెట్టి ఆగిపోయిన కౌజు పిల్లను ఎప్పుడు ముట్టుకోవాలి?

దేవరకొండ దగ్గర మీ ఇంటి ఇంక్యుబేటర్‌లో పెట్టిన కౌజు గుడ్లలో కొన్నింటికి పదిహేడో రోజు రాత్రి చిల్లు పడిందనీ, తెల్లవారినా పిల్లలు బయటికి రాలేదనీ, పెంకు ఒలిచి తీయవచ్చా అనీ అడిగారు. ఇప్పుడే ఒలవకండి. ఇంక్యుబేటర్ మూత కూడా తెరవకండి. పిల్ల అరుస్తూ, చిల్లులోంచి ముక్కు ఆడిస్తూ ఉంటే ఇంకా సమయం ఉంది. నకిరేకల్ దగ్గర కొన్నేళ్లుగా ఈ పిట్టలను పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఎన్ని గంటలు గడిచాయన్న లెక్క కంటే, పెంకు కింది పొరలో రక్తం ఇంకా పారుతోందా లేదా అన్నదే ముందు తేల్చుకోవాలి.

చివరి రోజుల వరకు పిల్ల పెంకు లోపలి వైపున అల్లుకున్న సన్నని రక్తనాళాల ద్వారానే గాలి పీల్చుకుంటుంది. పదిహేనో, పదహారో రోజున ముక్కుతో గుడ్డు మొద్దు కొన (లావుగా ఉండే చివర) వైపున్న గాలి గదిలోకి పొడుచుకొచ్చి, మొదటిసారి ఊపిరితిత్తులతో శ్వాస తీసుకోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాతే పెంకుకు చిల్లు పడుతుంది. చిల్లు పడ్డాక పిల్ల కదలకుండా ఉన్నట్టు మనకు కనిపిస్తుంది గాని, ఆ సమయంలోనే నాళాల్లోని రక్తం బొడ్డు గుండా ఒంట్లోకి వెళ్తుంది, మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరుతుంది. ఈ రెండూ పూర్తయ్యాకే అది గుడ్డులో మెల్లగా తిరుగుతూ మొద్దు కొనను చుట్టూ కోసుకొని, మూతలా తెగిన ఆ పెంకును కాళ్లతో నెట్టి బయటపడుతుంది. కోత మొదలైతే కౌజు పిల్ల చాలా వేగంగా వస్తుంది. ఆలస్యమంతా అంతకు ముందే జరుగుతుంది. ఆ విరామంలో మనం పెంకు ఒలిస్తే నాళాలు తెగుతాయి. మొత్తం బరువే ఆరేడు గ్రాములుండే ప్రాణికి నాలుగు చుక్కల రక్తం పోవడం చిన్న విషయం కాదు.

గుడ్డులో ఉన్న కౌజు పిల్లలు ఒకదాని చప్పుడు ఒకటి వింటాయి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా టిక్ టిక్ మని వినిపించే ఆ శబ్దంతో, పక్కపక్కనే తగులుతూ ఉన్న గుడ్లు దాదాపు ఒకే సమయంలో పగులుతాయని బ్రిటన్ పరిశోధకురాలు మార్గరెట్ విన్స్ 1960లలో చూపారు. అందుకే ముందు వచ్చిన పిల్లలను వెంటవెంటనే బయటికి తీయవద్దని నేను అందరికీ చెబుతాను. వాటి కడుపులోని పచ్చసొన ఒక రోజంతా సరిపోతుంది. అవి లోపల తిరుగుతూ అరవడం వెనకబడిన గుడ్లకు మేలే చేస్తుంది, మూత తెరవనందువల్ల తేమా నిలుస్తుంది.

సాయం నిజంగా అవసరమైన పిల్ల వేరుగా కనిపిస్తుంది. చిల్లు అంచున పొర తెల్లగా, తడిగా, మెత్తగా ఉంటే వేచి ఉండండి. అదే పొర పసుపు గోధుమ రంగుకు తిరిగి, ఎండిన తోలులా పిల్ల ఈకలకు బిగిసి అంటుకొని ఉంటే, పిల్ల నోరు తెరుస్తున్నా తల తిప్పలేకపోతే, తోటి పిల్లలన్నీ ఆరి నడుస్తున్నా చిల్లు పడి ఒక రోజు దాటినా అది అక్కడే ఉంటే, అప్పుడు కలగజేసుకోవాలి. కౌజు గుడ్డు పెంకు పలచన, కాని లోపలి పొర గట్టిది. అది ఎండితే ఆ చిన్న ముక్కుకు తెగదు. మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల పొడి గాలికి, ముఖ్యంగా ఫ్యానుకు ఎదురుగా ఉన్న గుడ్లలో ఇలా జరగడం ఎక్కువగా చూశాను. సన్న కొన వైపు చిల్లు పడిన గుడ్లనూ గమనిస్తూ ఉండాలి. అక్కడ గాలి గది ఉండదు, తిరగడానికి చోటూ తక్కువ.

సాయం చేసేటప్పుడు నేను గుడ్డును వేడి నీళ్లు కుమ్మరించి ఆవిరి పట్టించిన స్నానాల గదిలోకి తీసుకెళ్తాను. బయట వసారాలో కూర్చుని చేస్తే ఎండాకాలంలో పొర కళ్లముందే మరింత బిగుస్తుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో చిల్లు చుట్టూ పొరను తడపాలి, ముక్కు రంధ్రాల్లోకి నీరు పోకుండా జాగ్రత్త పడాలి. తడిసిన పొర కొంత పారదర్శకమవుతుంది. అప్పుడు ఎర్రటి దారాల వంటి నాళాలు కనిపిస్తే పని అక్కడితో ఆపి, గుడ్డును మళ్లీ లోపల పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి. నాళాలు కనిపించకపోతేనే చిల్లు నుంచి మొదలుపెట్టి, మొద్దు కొన చుట్టూ, పిల్ల తానే కోసుకునే దారి వెంట, పట్టకారుతో పెంకు ముక్కలను ఒక్కొక్కటిగా తీయండి. ఎక్కడైనా చిన్న ఎర్ర చుక్క కనిపించినా ఆగి, శుభ్రమైన దూదితో మెల్లగా అదిమి పట్టండి. కొందరు కొబ్బరినూనె రాస్తారు. ముక్కు దగ్గర చేరితే ఊపిరి అడ్డుకుంటుందని నేను నీళ్లతోనే సరిపెడతాను.

తల, మెడ విడుదలైతే చాలు. అడుగు భాగాన్ని ఎప్పుడూ ఒలవకండి, పిల్లను పట్టి లాగకండి. తడి గుడ్డ మీద సగం పెంకుతోనే ఇంక్యుబేటర్‌లో పెడితే, సిద్ధంగా ఉన్న పిల్ల తనంతట తానే తన్నుకొని వస్తుంది, ఆ తన్నడంలోనే కాళ్లకు బలమూ వస్తుంది. బయటికి వచ్చాక బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా కనిపిస్తుంటే దాన్ని తెంచకుండా, తడి టిష్యూ పరిచిన చిన్న గిన్నెలో పిల్లను కదలకుండా కూర్చోబెట్టి మళ్లీ లోపలే ఉంచండి. చాలాసార్లు కొన్ని గంటల్లో అది లోపలికి వెళ్తుంది. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని బతకవు, అది మీ చేతి తప్పు అనుకోవద్దు. బతికినవాటిని మాత్రం గుడ్ల కోసం జోడీ కట్టకుండా విడిగా గుర్తుపెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇక ఒకే విడతలో చాలా గుడ్లు ఇలా ఆగిపోతుంటే కారణం చివరి రోజున కాదు, ముందే ఉంటుంది. ఫ్యాను ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు, మొదటి పద్నాలుగు రోజులు సుమారు 50 శాతం తేమ, గుడ్లు తిప్పడం ఆపిన తర్వాత చివరి మూడు రోజులు 65 నుంచి 75 శాతం తేమ ఉండాలి. కరెంటు పోయి పెట్టె చల్లబడిన పూటలుంటే పొదుగుదల వెనక్కి జరుగుతుంది కాబట్టి పద్దెనిమిదో రోజున కంగారు పడకండి. వానాకాలంలో సమస్య తలకిందులవుతుంది: మొదటి రెండు వారాలూ తేమ ఎక్కువైతే గుడ్డులోని నీరు తగినంత ఆవిరి కాదు, గాలి గది చిన్నగా మిగులుతుంది, పిల్ల ఉబ్బి జిగటగా ముక్కు మూసుకుపోయి చనిపోతుంది. అలాంటి గుడ్డును తడపకూడదు, ముక్కు తుడవడమే సాయం. ఒకే తల్లిదండ్రుల సంతతిని తరతరాలుగా కలుపుతున్నా, తల్లి పిట్టలకు విటమిన్లు చాలని దాణా పెడుతున్నా పిల్లలు చివరి దశలోనే చనిపోతాయి. ఇలా దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టించడాన్ని కౌజులు కోళ్లకంటే తక్కువగా తట్టుకుంటాయి.

ఈ రోజుకు మాత్రం నీళ్ల ట్రే నిండుగా ఉందో లేదో అద్దంలోంచి చూడండి. నీళ్లు పోయాల్సి వస్తే చన్నీళ్లు కాకుండా గోరువెచ్చనివి, గాలి రంధ్రంలోంచి గొట్టంతో పోయండి. ఆ రంధ్రాలను తేమ కోసమని మూసివేయకండి, ఊపిరితిత్తులతో శ్వాస మొదలుపెట్టిన పిల్లలకు ఇప్పుడే ఎక్కువ గాలి కావాలి. పిల్లలు దిగే చోట నున్నటి కాగితం కాకుండా గరుకు గుడ్డ పరచండి, లేకపోతే కాళ్లు పక్కలకు జారిపోతాయి.