పొలం ఫొటో బోసిగా వస్తోందా?

ప్రశ్న: పొలాల ఫొటోలు తీయడం నాకు సరదా. అక్కడ నిలబడి చూస్తే కళ్లు తిప్పుకోలేం, ఫొటోలో మాత్రం బోసిగా ఉంటుంది. కెమెరా తెరను అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే గ్రిడ్ లైన్లు పెట్టుకుని, చెట్టును గీతలు కలిసే చోటే ఉంచుతున్నాను. నాది 24-70 మి.మీ. జూమ్. ఇంకా వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పు దృశ్యం పట్టేది) కొనమంటారా? ఒక ఫొటో జతచేశాను.
– ఒక పాఠకుడు

జవాబు: కొనకండి. మీ ఫొటోలో చెట్టు ఇప్పటికే చిన్నదైపోయింది, ఇంకా వైడ్‌కి పోతే చీమంత అవుతుంది. వైడ్ లెన్స్‌తో తీస్తే దగ్గరున్నదే పెద్దగా పడుతుంది. మీకు దగ్గరున్నదేమో ఉత్త మట్టి. వెనక్కి నడిచి, జూమ్ చివరిదాకా లాగి 70 మి.మీ.తో ఒకసారి ప్రయత్నించండి. చెట్టూ దూరపు కొండా ఒకదానికొకటి దగ్గరికి జరిగినట్టు వస్తాయి.

గ్రిడ్ లైన్ల మీద అంత భక్తి అక్కర్లేదు. ఆ గీతల వెనకున్నది మూడో వంతు నియమం. దానికి ఆ పేరు పెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు. అదీ 1797లో, పల్లె దృశ్యాల గురించి రాస్తూనే. ఆయన మాట్లాడింది వాటాల గురించి: నేలకెంత, ఆకాశానికెంత, వెలుగుకెంత, నీడకెంత. మీ ఫొటోలో సగం ఆకాశమే. మబ్బు తునక కూడా లేని ఆకాశానికి సగం వాటా ఎందుకండీ? సన్నని పట్టీ చాలు.

అసలు చిక్కు కెమెరా ఎత్తుతో వచ్చింది. కింద కూర్చుని తీయమని అందరూ చెబుతారు, మీరూ అదే చేసినట్టున్నారు. చదునైన నేల మీద ఆ సలహా తరచూ బెడిసికొడుతుంది. కెమెరా దిగేకొద్దీ మధ్యలోని గట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతలా అణిగిపోతాయి. చూడండి, ఎడమ మూలన గట్టు బాగానే మొదలైంది, కాస్త దూరం పోయేసరికి మాయం. దాని వెనకాల చాళ్లు అసలు కనిపించడమే లేదు. ఎత్తైన చోటు ఏదైనా ఎక్కండి. లేదంటే ట్రైపాడ్ కాళ్లు ముడిచి, టైమర్ పెట్టి, తల మీదుగా పైకెత్తి పట్టుకోండి. రెండు మూడడుగులు పెరిగినా చాలు, గట్టు మెలికలు తిరుగుతూ చెట్టు దాకా పోవడం తెలుస్తుంది.

కింద కూర్చోవాల్సింది ముందు చూడదగ్గది ఉన్నప్పుడే: నీటి గుంటో, కోత అయ్యాక మిగిలిన కొయ్యకాళ్లో. అప్పుడు ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ పాత 35 మి.మీ. ఫిల్మంత ఉండేది) 24 మి.మీ., ఎఫ్/11 (లెన్స్ రంధ్రం చిన్నదిగా) పెట్టి 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, దాదాపు 0.9 మీటరు నుంచి కొండల దాకా స్పష్టంగా వస్తుంది.

ఎండ పక్క నుంచి పడే వేళ వెళ్లండి. సూర్యుడు మీ వీపు వెనకుంటే చాళ్ల నీడలు కెమెరాకు చిక్కవు.

అన్నట్టు, కరెంటు స్తంభాన్ని ఎడిటింగ్‌లో చెరిపేశారు కదూ? అక్కడ ఆకాశం మచ్చపడింది. నాలుగడుగులు కుడికి జరిగి ఉంటే అది చెట్టు చాటుకు పోయేది.