పట్టుచీరలో దాచే కాలర్ మైకు ఏది?

ప్రశ్న: చిక్కడపల్లిలోని ఒక పాత ఇంట్లో, డబ్బింగ్ లేకుండా, సెట్‌లోనే సంభాషణలు రికార్డు చేస్తూ ఒక చిన్న చిత్రాన్ని తీయబోతున్నాము. కథానాయిక చాలా సన్నివేశాల్లో పట్టుచీరతో, మెడలో నల్లపూసలతో కనిపిస్తుంది. సాంకెన్ సీఓఎస్-11డి, డీపీఏ 6060, కంట్రీమన్ బీ6 మైకుల్లో అన్నిటికన్నా చిన్నదాన్నే కొనమని మిత్రులు అంటున్నారు. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ మిత్రులు చెప్పిన మూడూ మంచి మైకులే. వ్యాసంలో సాంకెన్ 4 మిల్లీమీటర్లు, డీపీఏ 3, కంట్రీమన్ దాదాపు 2.5 ఉంటాయి. అయితే మైకును రవికె మెడ అంచు లోపల అమర్చి, పైన పైట కప్పిన తరువాత ఈ ఒకటిన్నర మిల్లీమీటరు తేడాను ఏ కెమెరా పట్టలేదు. పట్టు మైకుకు రాసుకున్నప్పుడు పుట్టే గరగర మాత్రం ప్రతి మాట మీదా వినిపిస్తుంది. అందువల్ల ముందు చీరను ఎంచుకుని, మైకు సంగతి ఆ తరువాత చూడడం మేలు.

గరగర రెండు దారుల్లో వస్తుంది. బట్ట నేరుగా మైకుకు రాసుకోవడం మొదటిది. మైకుకు ముందూ వెనుకా, రెండు ముఖాలా జిగురున్న టేపు వేసి, బట్టా మైకూ కలిసి కదిలేటట్లు చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. ఇందుకోసం రైకోట్ సంస్థ తయారుచేసే అతుకులు కూడా దొరుకుతాయి. రెండవది వైరు ద్వారా పాకివచ్చే చప్పుడు. మైకుకు కాస్త కిందుగా వైరును చిన్న చుట్టుగా మడిచి టేపు వేస్తే అది అక్కడే ఆగిపోతుంది. నల్లపూసల మాటకొస్తే, వాటిని రవికెకు కనిపించకుండా అతికించడం తప్ప మరో మార్గం లేదు, కథానాయిక విసుక్కున్నా సరే.

రొమ్ము మీద పెట్టిన మైకులో, స్వరంలోని 800 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) ప్రాంతం ఉబ్బి, హల్లులకు స్పష్టతనిచ్చే 3000–4000 హెర్ట్జ్ ప్రాంతం తగ్గుతుంది. ఈ లోపం లేకుండా వినాలంటే నుదుటి పైన, జుట్టు మొదట్లో మైకును దాచి, వైరును జడలోంచి వెనక్కి దింపే నాటకరంగ పద్ధతిని ప్రయత్నించండి. పరిమాణం నిజంగా లెక్కకు వచ్చేది ఇక్కడే. ఇందుకు కంట్రీమన్ సరిపోతుంది. దుస్తుల కింద దాచడానికే, అదీ ఒక్కటే కొనదలిస్తే, నా ఓటు సాంకెన్‌కు. దాని స్వరం బూమ్ మైకుతో (పొడవైన కర్రకు తగిలించి నటుల తల పైన పట్టుకునే మైకు) సులభంగా కలుస్తుంది, బూమ్‌ను మీరు ఎలాగూ మానకూడదు. కొనేముందు మీ ట్రాన్స్‌మిటర్‌కు (మైకు ధ్వనిని వైర్‌లెస్‌గా పంపే చిన్న పెట్టె) ఏ కనెక్టర్ సరిపోతుందో దుకాణదారుకు చెప్పండి. అంతకన్నా ముందు, ఒక రోజు అద్దెకు తెచ్చి అదే చీరతో, అదే గదిలో కథానాయికను కూర్చోబెట్టి, లేపి, నడిపించి హెడ్‌ఫోన్‌లో వినండి.

ప్రశ్న: తక్కువ ధర 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సెట్లు ఈ పనికి చాలవా?
– మరొక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఒకే గదిలో, దగ్గరి దూరంలో అయితే చాలు. వైఫై కూడా అదే రేడియో తరంగాల పట్టీని వాడుకుంటుంది కాబట్టి అపార్ట్‌మెంట్లలో మధ్యమధ్య మాట తెగవచ్చు. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డయ్యే సౌకర్యం ఉన్న సెట్టు తీసుకోండి. ఆ ట్రాన్స్‌మిటర్‌ను నేరుగా దుస్తులకు తగిలించక, దాని 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు విడిగా చిన్న కాలర్ మైకును కలపండి.