రెండుగా విడిపోని ముందుమెదడు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. పన్నెండో వారం స్కానింగ్‌లో ‘ఏలోబార్ హోలోప్రోసెన్‌సెఫలీ’ అన్నారు. బిడ్డ దక్కదని చెబితే గర్భం తీయించుకున్నాం. పదో వారంలో జ్వరమొచ్చి పారాసిటమాల్ వేసుకున్నాను. దానివల్ల జరిగిందా? గ్రహణం వేళ బయటికి వెళ్లావంటున్నారు అత్తయ్య. మళ్లీ ఇలాగే అవుతుందా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: జ్వరమూ కాదు, మాత్రా కాదు, గ్రహణమూ కాదమ్మా. హోలోప్రోసెన్‌సెఫలీ అంటే ముందుమెదడు రెండు అర్ధగోళాలుగా విడిపోకపోవడం. అసలే విడిపోకపోతే అది ‘ఏలోబార్’ రకం. తేదీలు చూస్తే మీకే తెలుస్తుంది. డాక్టర్లు వారాలను ఆఖరి నెలసరి నుంచి లెక్కపెడతారు. పిండం అసలు వయసు అంతకు రెండు వారాలు తక్కువ. పిండం వీపున ఏర్పడిన పలక ముడుచుకుని గొట్టమై, తలవైపు కొస సుమారు 25వ రోజుకు మూసుకుంటుంది. ఆ కొసే ఉబ్బి ముందుమెదడవుతుంది. పిండం అసలు వయసు ఐదో వారంలో దానికి ఇరువైపులా బుడగల్లా పొడుచుకొచ్చేవే పెద్దమెదడు అర్ధగోళాలు. మీకు జ్వరం వచ్చేనాటికి ఈ ఘట్టం దాటిపోయింది.

విడిపొమ్మన్న ఆదేశం అడుగు నుంచి అందుతుంది. ముందుమెదడు కింద ఉండే కణాలు ‘సోనిక్ హెడ్జ్‌హాగ్’ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. అది చాలకపోతే అర్ధగోళాలు ఒకే ముద్దగా మిగులుతాయి. ముఖం మధ్యభాగమూ దెబ్బతింటుంది: కళ్లు బాగా దగ్గరవుతాయి, పెదవి నడిమికి చీలుతుంది. 1950ల్లో అమెరికాలోని ఐడహోలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టడానికి కారణం ఇదే. తల్లిగొర్రెలు చూలు పద్నాలుగో రోజు ప్రాంతంలో తిన్న ఒక అడవిమొక్కలోని రసాయనం ఈ సంకేతాన్ని అడ్డుకుంది.

మనుషుల్లో తరచుగా కనబడే కారణం 13వ క్రోమోజోము మూడు ప్రతులుండటం. గర్భానికి ముందునుంచే ఉన్న షుగరూ ముప్పును పెంచుతుంది. అందుకే నా మొదటి ప్రశ్న: పిండం నమూనాను క్రోమోజోము పరీక్షకు పంపారా? ఫలితం మామూలుగా ఉంటే ఎస్‌హెచ్‌హెచ్ (సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు), జిక్2, సిక్స్3 వంటి జన్యువులు చూడాలి. మీ ఇద్దరిలో ఎవరికైనా పైదవడ మధ్యలో ఒకే ముందుపన్ను ఉన్నా, పుట్టుకనుంచి వాసన తెలియకపోయినా డాక్టరుకు చెప్పండి. వారిలో జన్యుమార్పు ఉంటే అది బిడ్డకు చేరే అవకాశం సగానికి సగం. ఇవి తేలకుండా ‘మళ్లీ రాదు’ అని ఎవరన్నా నమ్మకండి. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది.

హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 6.5 శాతం లోపుకు వచ్చేదాకా గర్భనిరోధకం ఆపొద్దు. నెలసరి తప్పాక షుగర్ దించుకుంటే ఆలస్యమైనట్టే. కొలెస్ట్రాల్, బీపీ మాత్రలుంటే ముందే మార్పించుకోండి. డాక్టరు సలహాతో ఫోలిక్ యాసిడ్ రోజుకు 5 మిల్లీగ్రాములు, కనీసం నెల ముందునుంచి పన్నెండో వారం దాకా వాడండి. అది గొట్టం మూసుకోకపోవడాన్ని తగ్గిస్తుంది. విడిపోకపోవడాన్ని ఆపుతుందన్న రుజువు లేదు. ఈసారి 12–13 వారాల స్కాన్‌లో తలను అడ్డంగా చూసి, నడిమిగీతకు ఇరువైపులా సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఆకారం ఉందో లేదో చూడమని అడగండి.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు, ‘సెమీలోబార్’ రకం. సోడియం పదేపదే పెరుగుతోంది. ఎందుకు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సెమీలోబార్ అంటే అర్ధగోళాలు కొంతమేరకే విడిపోయిన రకం. ఈ లోపంలో హార్మోన్లను అదుపు చేసే మెదడు భాగం, హైపోథాలమస్ కూడా సరిగా ఏర్పడకపోవచ్చు. మూత్రాన్ని అదుపు చేసే హార్మోను తగ్గి నీళ్లు పోతాయి, సోడియం పెరుగుతుంది. తడి డైపర్ తూచి పొడి డైపర్ బరువు తీసేయండి. ఒక గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు. ఆ లెక్క రాసి డాక్టరుకు చూపించండి. విరేచనాలు, జ్వరం వస్తే అదేరోజు సోడియం పరీక్ష చేయించండి. ఆ హార్మోనుకు బదులుగా ఇచ్చే డెస్మోప్రెసిన్ మందు వాడుతుంటే మోతాదు మీరుగా పెంచకండి. సోడియం మరీ పడిపోయి ఫిట్స్ రావచ్చు.