గల్లాపెట్టె అవతలి వైపు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వీధి చివర అద్దె పుస్తకాల షాపు, దాని పక్కన సాయంత్రాలు మీరు నలుగురూ కూర్చున్న బల్ల, ఏళ్ళ తర్వాత వెళ్ళి మూసిన షట్టర్ ముందు నువ్వు అలా నిలబడిపోవడం... చివరి పేరా దగ్గర నాకూ గొంతు పట్టేసింది. కానీ కాగితాలు పక్కన పెట్టాక చూసుకుంటే, ఆ షాపు ఎలా ఉండేదో నాకు తెలియలేదు. నీకెంత బెంగగా ఉందో మాత్రం తెలిసింది.

బెంగపడటం తప్పని నేననను. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటికి తిరిగి చేరడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ‘నోస్టాల్జియా’ అనే పేరు పెట్టాడు. అప్పట్లో అది జబ్బు పేరు. ఇంటికి దూరమై చిక్కి శల్యమైపోయేవాళ్ళకి తిరిగి ఇల్లు చేరడమే మందన్నాడు. మన చిక్కల్లా, ఊరికైతే వెళ్ళగలం గానీ ఆ సాయంత్రానికి వెళ్ళలేం. అందుకే రాస్తాం. రాసేటప్పుడు మన నొప్పినే తడుముకుంటూ కూర్చుంటే చోటు చేజారిపోతుంది.

నీ వయసులో నేనూ అదే పని చేశాను. నేను రోజూ నిలబడి చూసిన సైకిల్ షాపు గురించి రాశాను. ఆ షాపాయన ట్యూబుకి గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, జానెడు జానెడు చొప్పున తిప్పేవాడు. ఎక్కడో ఒకచోట సన్నటి బుడగల దారం పైకి లేచేది. ఠక్కున దాని మీద వేలు పెట్టేవాడు. తుడిచి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా నోటితో ఊది, అప్పుడు ప్యాచ్ అంటించేవాడు. బుడగల గురించి ఒక పేజీ రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకి ఆయన కూతురు కనపడి, “చదివానండీ, చాలా బాగుంది. చలికాలమంతా నాన్న వేళ్ళు పగిలిపోయి ఉండేవి. చొక్కా గుండీలు మేమే పెట్టేవాళ్ళం” అంది.

నిష్ఠూరంగా అనలేదు, గుర్తొచ్చి అంది. ఆ చేతుల్ని అన్నేళ్ళు చూసినవాణ్ణి, ఆ పగుళ్ళు నా కంటికి ఆనలేదు. నేను తొట్టికి ఇవతల నిలబడి బుడగలు చూశాను. ఆయన అవతల కూర్చుని నీళ్ళలో చేతులు పెట్టాడు. నీకు చెప్పాలనుకున్నది ఇదే. నీ వ్యాసం మొత్తం గల్లాపెట్టెకి ఇవతలి నుంచి రాశావు. ఒక్కసారి అటు వైపుకి వెళ్ళి చూడు.

పుస్తకాల షాపాయన “ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు” అని మూడుచోట్ల రాశావు. ఒక పుస్తకం ఎన్నిసార్లు అద్దెకి వెళ్తే దాని ఖరీదు తిరిగొచ్చేది? చివరి పేజీలు చింపేసి తెచ్చిన వాళ్ళని ఏం చేసేవాడు? పిల్లలకి ఇవ్వకూడని పుస్తకాలు ఏ అరలో ఉండేవి? పొద్దుటి నుంచీ రాత్రి దాకా ఒక్కడే కూర్చునేవాడే, కాస్త లేచి వెళ్ళాలంటే షాపు ఎవరికి అప్పజెప్పేవాడు? “సెల్‌ఫోన్లు వచ్చి మూతపడింది” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది ఎవరైనా అనే మాట. అద్దె పెరిగిందో, మోకాళ్ళు అరిగాయో, కొడుకు వద్దన్నాడో, ఆయన నోట విని రాయి.

జేన్ జేకబ్స్ అనే ఆవిడ న్యూయార్క్‌లో తానుండే హడ్సన్ వీధి గురించి 1961లో రాస్తూ తాళంచెవుల సంగతి చెప్పింది. ఊరెళ్ళేవాళ్ళు, చుట్టాలు వస్తారని ఎదురుచూసేవాళ్ళు తాళంచెవి దుకాణంలో ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఆ దుకాణదారుకి అందుకని ప్రత్యేకంగా ఓ సొరుగే ఉండేదట. ఆవిడ అక్కడితో ఆగలేదు. ఆయనకే ఎందుకిచ్చేవాళ్ళో కూడా పట్టుకుంది: తాళంచెవి భద్రంగా ఉంచుతాడు, మన ఇంటికి ఎవరొచ్చారు, ఎందుకొచ్చారని ఆరా తీయడు. “అప్పట్లో మనుషుల మధ్య నమ్మకం ఉండేది” అని నువ్వు రాసిన చోట ఇలాంటి సొరుగొకటి తెరిచి చూపించి ఉంటే ఎంత బాగుండేది!

ఇక ఆ బల్ల. “మా వీధి మొత్తం అక్కడే ఉండేది” అన్నావు. మీ అక్క ఒక్కసారైనా ఆ బల్ల మీద కూర్చుందా? అడుగు. మీరు కూర్చున్నారని ఆవిడ చుట్టూ తిరిగి వెళ్ళి ఉండొచ్చు. అదీ ఆ బల్ల కథే. అది వదిలేస్తే సగం వీధిని వదిలేసినట్టు.

పారిస్‌లో యూజీన్ ఆట్జే అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. పాత వీధులు, దుకాణాల ముఖాలు, కిటికీ అద్దాలు, తలుపు గొళ్ళేలు. పెద్ద కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ దాదాపు 30 ఏళ్ళు అవే తీశాడు. 1920లో ప్రభుత్వం ఆయన దగ్గర 2,600కి పైగా నెగటివ్‌లు కొంది. బొమ్మల కింద బెంగ రాసుకోలేదు, ఏ చోటో రాసుకున్నాడు. ఆ వీధుల్లో ఎన్నడూ నడవని నాకు కూడా ఆ దుకాణం గడప ఎక్కాలనిపిస్తుంది. నువ్వూ ముందు బోర్డు మీది అక్షరాల రంగు, బల్ల ఏ మూల ఊగేదో, షట్టర్ ఎత్తేటప్పుడు వచ్చే చప్పుడు రాసిపెట్టుకో. జ్ఞాపకం తనకి నచ్చిన రంగు పూసుకుంటుంది కాబట్టి, ముందు ఒక్కడివే రాసి, తర్వాతే మిగతా ముగ్గురినీ అడుగు. వాళ్ళు బోర్డు పచ్చది అంటే, నీకు నీలంగా గుర్తుంటే, రెండూ ఉంచు.

ఒక సంగతి నన్ను వదలడం లేదు. ఆ షాపాయన ఇప్పటికీ వెనక వీధిలోనే ఉంటున్నాడని రాశావు. ఒకే ఒక్క వాక్యం. ఆయన్ని కలిశావని ఎక్కడా లేదు. ముందు అక్కడికి వెళ్ళు. నోట్‌బుక్ వెంటనే బయటికి తీయకు, కాసేపు కూర్చో, ఆయన్ని మాట్లాడనీ. ఖాతా పుస్తకం దాచుకున్నాడేమో కనుక్కో. ఉంటే నీ పేరున్న పేజీ చూపించమను.

“ఆ షాపు గుర్తుగా తిరిగివ్వని పుస్తకం ఒకటి నా దగ్గరే ఉండిపోయింది” అని రాశావు కదా. వెళ్ళేటప్పుడు అది కూడా పట్టుకెళ్ళు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య