ఒక్కరే వెల్‌నెస్ యాప్ చేస్తున్నారా? ముందు ఆ డిప్రెషన్ టెస్ట్ తీసేయండి

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైమ్‌లో ఒక్కడినే వెల్‌నెస్ యాప్ తయారుచేస్తున్నాను. నిద్ర, మూడ్, నడక, నీళ్లు, ధ్యానం, పీరియడ్స్, చివర్లో ఒక డిప్రెషన్ టెస్ట్... లిస్టు పెరుగుతూనే ఉంది, కోడ్ మాత్రం ముందుకు సాగడం లేదు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? లాగిన్, సర్వర్ మొదటి నుంచీ ఉండాలా?

జవాబు: డిప్రెషన్ టెస్ట్ ఇవాళే తీసేయండి, మిగతావాటి గురించి తర్వాత మాట్లాడుకుందాం. చాలా యాప్‌లలో కనిపించే పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో ఉండేవి 9 ప్రశ్నలు, స్కోరు 0 నుంచి 27 దాకా వస్తుంది, కోడ్ రాయడానికి ఒక పూట చాలు, అందుకే అది కూడా పెట్టేద్దాం అనిపిస్తుంది. కానీ ఆ ఆఖరి ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచనల గురించి. ఎవరో అర్ధరాత్రి రెండింటికి దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని నొక్కారనుకోండి. మీరు నిద్రలో ఉంటారు. మీ యాప్ వాళ్లకి ఏం చెప్తుంది? స్కోరు చూపించి ఊరుకుంటుందా? అవతల పలికే మనిషి లేనప్పుడు ఆ ప్రశ్న అడిగే హక్కు మనకి లేదని నా గట్టి అభిప్రాయం. రూల్స్ పరంగా కూడా ఇక్కడే గీత ఉంది. మందులు, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిద్ర అలవాట్లు మెరుగుపరచుకోవడానికి సాయపడతాం అంటే వెల్‌నెస్, నిద్రలేమి జబ్బుని నయం చేస్తాం అంటే వెల్‌నెస్ కాదు. డిప్రెషన్ అనే జబ్బుని కొలిచే టెస్ట్ కూడా ఆ గీతకి అవతలే.

మిగిలిన వాటిలో ఒక్కటే ఉంచండి, మీరు స్వయంగా రోజూ వాడేది. నిద్రే అనుకుందాం. లాగిన్ వద్దు, సర్వర్ వద్దు, ఫోన్‌లోనే ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు (చిన్న డేటాబేస్), కావాలంటే డేటాని బయటికి తీసుకునే బటన్, మొత్తం చెరిపేసే బటన్, అంతే. మీ దగ్గరికి రాని డేటా మీ దగ్గర్నుంచి లీక్ కాదు, ఒక్కరే ఉన్నప్పుడు ఇంతకంటే మంచి సెక్యూరిటీ టీమ్ దొరకదు. నిద్ర, అడుగుల లెక్కలు ఫోన్‌లో ఆరోగ్య వివరాలు దాచే చోటు నుంచి, అంటే ఐఫోన్‌లో అయితే హెల్త్‌కిట్ నుంచి, ఆండ్రాయిడ్‌లో అయితే హెల్త్ కనెక్ట్ నుంచి యూజర్ అనుమతితో చదువుకోవచ్చు, మళ్లీ మీరు లెక్కపెట్టక్కర్లేదు. అయితే హెల్త్‌కిట్‌తో ఒక చిక్కుంది: చదివే అనుమతి యూజర్ ఇవ్వకపోతే ఆ సంగతి యాప్‌కి తెలియనివ్వరు, డేటా లేనట్టే కనిపిస్తుంది. అది గమనించకుండా ‘నిన్న మీ నిద్ర 0 గంటలు’ అని చూపించేస్తారు చాలామంది. ‘సమాచారం లేదు’ అని రాయండి.

ఇంకొకటి, సర్వర్ లేకపోయినా డేటా బయటికి పోయే దారి ఉంది, అదే అనలిటిక్స్, అంటే యూజర్ యాప్‌లో చేసే ఒక్కో పనిని ‘ఈవెంట్’గా పేరు పెట్టి వేరే కంపెనీకి పంపే టూల్. ఫ్లో అనే పీరియడ్స్ యాప్ మీద అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఎఫ్‌టీసీ పెట్టిన కేసు 2021లో సెటిల్ అయింది కదా, వివరాలు గోప్యంగా ఉంచుతామని చెప్పి, యాప్‌లో పెట్టిన అనలిటిక్స్ టూల్స్ ద్వారా ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు పంపారన్నది అక్కడి ఆరోపణ, అందులో ఈవెంట్ల పేర్లు చూస్తేనే గర్భం సంగతి తెలిసిపోయేలా ఉన్నాయట. ఏ బటన్ ఎక్కువ నొక్కుతున్నారో తెలుసుకుందామని మనం పెట్టుకునే ‘మూడ్ చాలా తక్కువ’ అనే ఈవెంట్ కూడా అలాంటిదే. మొదటి వెర్షన్‌లో అనలిటిక్స్ అసలు పెట్టకండి, యాప్ ఆగిపోయినప్పుడు వచ్చే క్రాష్ రిపోర్టులు చాలు, వాటిలో కూడా యూజర్ రాసుకున్న మాటలు పోకుండా చూసుకోండి.

ప్రశ్న: స్ట్రీక్ (ఒక్క రోజూ తప్పకుండా వరసగా ఎన్ని రోజులు చేశారో చూపే లెక్క) పెట్టకపోతే జనం యాప్ తెరవడం మానేస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: స్ట్రీక్ పెడితే తెరుస్తారు, నిజమే, కానీ తెగిన రోజు ఏమవుతుంది? అలవాట్లు ఎలా ఏర్పడతాయో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. అంటే 40 రోజులు చేసిన మనిషికి ఒక్క రోజు తప్పగానే 0 చూపించడం అబద్ధం చెప్పడమే. పైగా వాళ్లు యాప్ తెరవని ఆ రోజు బహుశా ఒంట్లో బాగోలేని రోజు, ఇంట్లో టెన్షన్ ఉన్న రోజు. అప్పుడే మనం కూడా తప్పు ఎత్తి చూపాలా? ‘ఈ నెలలో 22 రోజులు’ అని చూపించండి, అది తగ్గదు. రిమైండర్ రోజుకి ఒకటే, టైమ్ యూజర్ పెట్టుకున్నదే, వరసగా కొన్నిరోజులు పట్టించుకోకపోతే దానంతటది ఆగిపోవాలి.

ప్రశ్న: గూగుల్ ప్లేలో పెట్టాలంటే టెస్టర్లు కావాలంటున్నారు. డబ్బులిస్తే దొరుకుతారట, తీసుకోనా?

జవాబు: వద్దు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్లకు ఈ నిబంధన ఉంది, మొదట 20 మంది అన్నారు, తర్వాత 12కి తగ్గించారు, వాళ్లు 14 రోజులు వరసగా క్లోజ్డ్ టెస్ట్‌లో (మీరు పిలిచినవాళ్లకే యాప్ కనిపించే పరీక్షలో) ఉండాలి. కొన్న టెస్టర్లు ఇన్‌స్టాల్ చేసి వదిలేస్తారు, మీకు ఒక్క ముక్క కూడా తెలియదు. నిజంగా నిద్ర సరిగ్గా పట్టనివాళ్లని అడగండి, ఒకరైనా పెద్ద అక్షరాలు పెట్టుకుని ఫోన్ వాడేవాళ్లుండాలి, మీ యాప్ స్క్రీన్ల అమరిక ఎక్కడ చెదిరిపోతోందో వాళ్ల ఫోన్‌లోనే తెలుస్తుంది. టెస్ట్ మొదలుపెట్టే ముందే ప్లే కన్సోల్‌లో (యాప్‌ని ప్లేలో పెట్టే డెవలపర్ల సైట్‌లో) హెల్త్ యాప్స్ డిక్లరేషన్ అనే ఫారం నింపి, ప్రైవసీ పాలసీ మీ మాటల్లో రాసి లింకు పెట్టేయండి. ఆరోగ్య డేటా ఫోన్ దాటదు కాబట్టి అది ఒక పేజీ కూడా రాదు.