చైనా నౌకాదళం పాఠం చెప్పబోతున్న మేనకోడలికి

చి. సౌ. మేనకోడలికి,

కళింగపట్నం నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నోట్సు చదివాను. "చైనా నౌకాదళం: 370కి పైగా నౌకలు, ప్రపంచంలో మొదటి స్థానం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పరీక్షలో దానికి మార్కు పడుతుంది. ఇంటర్వ్యూలో మాత్రం "అయితే ఏమిటి?" అని అడిగితే మన సిక్కోలు పిల్లలకు నోట మాట రాదు. ఉద్యోగమంతా యుద్ధనౌకల ఇంజిన్ గదుల్లోనే చేసినవాణ్ని. ఈ పాఠం ఇలా తేలిపోవడం నాకు ఇష్టం లేక ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ అంకెను విప్పి చూపించు. అది అమెరికా రక్షణ శాఖ 2023 నివేదికలోది. జలాంతర్గాములు, సైనికులను ఒడ్డుకు చేర్చే నౌకలు, ఇంధనం మోసే నౌకలు అన్నీ అందులో ఉన్నాయి. క్షిపణులు మోసే చిన్న పడవలు ఓ 60 దాకా ఉన్నా వాటిని కలపలేదు. చైనా 056 రకం కార్వెట్లు (చిన్న యుద్ధనౌకలు) 72 కట్టి, మొదట్లో వచ్చిన 22ను తీర రక్షక దళానికి ఇచ్చేసిన సంగతి కూడా చెప్పు. నౌకాదళం జాబితాలో ఆ మేరకు సంఖ్య పడిపోయింది. అదే రోజుల్లో డిస్ట్రాయర్లనే పెద్ద యుద్ధనౌకలు వచ్చి చేరాయి కాబట్టి బలం పెరిగింది. నౌకల సంఖ్య ఒక దారి, బలం ఒక దారి నడవగలవని పిల్లలకు ఇక్కడే అర్థమవుతుంది.

తర్వాత ఫొటోలు చూపించు. 052డి రకం డిస్ట్రాయర్ ముందు డెక్కు మీద వరుసలుగా చదరపు మూతలు కనిపిస్తాయి. ఒక్కో మూత కింద ఒక్కో క్షిపణి గొట్టం నిలువుగా ఉంటుంది. ముందు 32, వెనక 32, మొత్తం 64. అదే 055 రకంలో ముందు 64, వెనక 48, కలిపి 112. పిల్లల చేత వేలు పెట్టి లెక్కపెట్టించు. మన నౌకాదళం విశాఖపట్నం రకం డిస్ట్రాయర్‌లో బ్రహ్మోస్ క్షిపణులు 16, విమానాలను కూల్చే బరాక్-8 క్షిపణులు 32 ఉంటాయని పక్కనే బోర్డు మీద రాయి. నౌకకు నౌక సమానం కాదని వాళ్లే అంటారు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వవలసింది ఆ నౌకలు ఎలా వచ్చాయన్న దానికి. 1996లో తైవాన్ దగ్గర ఉద్రిక్తత పెరిగినప్పుడు అమెరికా రెండు విమాన వాహక దళాలను పంపితే, చైనా చేతిలో వాటికి దీటైనది లేకపోయింది. రష్యా నుంచి నాలుగు సోవ్రెమెన్నీ డిస్ట్రాయర్లు కొని తెచ్చుకుంది. చాలామంది కథను అక్కడే ఆపేస్తారు. అసలు పని ఆ తర్వాత జరిగింది. 2004-07 మధ్య 052బి, 052సి, 051సి అని మూడు రకాల డిస్ట్రాయర్లు రెండేసి చొప్పున దళంలో చేరాయి. ఒకదాని రాడార్ వేరు, ఇంకొకదాని క్షిపణి వేరు. నౌకను నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు మొదట ఉక్రెయిన్ నుంచి వచ్చాయి, తర్వాత అదే నమూనాను స్వదేశంలో తయారు చేసుకున్నారు. రెండు కట్టడం, సముద్రంలో తిప్పి చూడడం, లోపాలు దిద్దుకోవడం. పదేళ్లు అదే తంతు. బయటివాళ్లకు అది నత్తనడకలా కనిపించింది. నమూనా కుదిరాక 2014లో మొదటి 052డి దళంలో చేరింది, ఆ రకంవే ఇప్పుడు పాతికకు పైగా ఉన్నాయి. 2018 జులై 3న దాలియన్ షిప్‌యార్డులో రెండు 055 నౌకలకు ఒకే రోజు జలప్రవేశం జరిగింది. ఆ రకంలో మొదటిది నాన్‌చాంగ్ 2020 జనవరిలో చేరింది. నాలుగేళ్లు తిరగకుండానే అవి ఎనిమిదయ్యాయి.

ఆ వేగం ఒక్క నౌకాదళం బడ్జెట్‌తో రాదమ్మా. ఇవాళ ప్రపంచంలో కట్టే వాణిజ్య నౌకల్లో, టన్నుల లెక్కన, సగానికి పైగా చైనావే. యుద్ధనౌకలు కట్టే షిప్‌యార్డులు చాలావరకు సరుకు నౌకలనూ కడతాయి. అదే క్రేన్లు, అదే వెల్డర్లు, అదే ఉక్కు. యుద్ధనౌకల ఆర్డరు లేని ఏడాది కూడా ఆ చేతులు ఖాళీగా ఉండవు. ఈ మాట నోట్సులో మొదటి పేజీలో ఉండాలి.

విమాన వాహక నౌకల దగ్గర ఎక్కువసేపు ఆగకు, వాటి గురించి పిల్లలు టీవీలో చూసే ఉంటారు. లియావోనింగ్ 2012, షాన్‌డాంగ్ 2019, విద్యుదయస్కాంత శక్తితో విమానాలను ఎగరేసే ఫూజియాన్ 2025 అని తేదీలు చెప్పి ముందుకు సాగు.

ఇక ఎవరూ చెప్పని భాగం. నీ క్లాసులో మత్స్యకార గ్రామాల పిల్లలున్నారన్నావు. నాన్నలు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లిన ఇళ్లవి. బోటు ఎన్నాళ్లు సముద్రం మీద ఉండాలో డీజిలు, ఐసు నిర్ణయిస్తాయని వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. యుద్ధనౌకకూ అంతే. చైనా 2008 డిసెంబరు నుంచి ఏడెన్ సింధుశాఖకు యుద్ధనౌకలతోపాటు ఇంధనం, తిండి మోసే సరఫరా నౌకను పంపుతూనే ఉంది. 2017లో ఆ సింధుశాఖ దగ్గరే, ఆఫ్రికా తీరంలోని జిబూటీలో స్థావరం తెరిచింది. అదే ఏడాది 901 రకం భారీ సరఫరా నౌకను దళంలో చేర్చుకుంది.

నడిసముద్రంలో ఇంధనం ఎక్కించుకోవడం ఎలా ఉంటుందో వర్ణించి చెప్పు. రెండు నౌకలు యాభై మీటర్ల ఎడంతో, ఒకే వేగంతో, పక్కపక్కనే గంటల తరబడి సాగాలి. తుపాకీతో సన్నటి తాడు అవతలికి పేలుస్తారు. దాని వెంట లావు తాడు, దాని వెంట ఉక్కు తీగ, చివరకు గొట్టం. పైన నౌకను నడిపించే గదిలోని అధికారి ప్రొపెల్లర్‌ను "రెండు చుట్లు పెంచు, ఒక చుట్టు తగ్గించు" అని చెబుతూనే ఉంటాడు. కింద ఇంజిన్ గదిలో మేం ఆ ఒక్క చుట్టూ సరిగ్గా ఇవ్వాలి. చెమట కళ్లలోకి కారుతున్నా చూపు మీటరు మీదే. ఈ నైపుణ్యం నౌకతోపాటు కొనుక్కుంటే రాదు. పదిహేడేళ్లుగా ఆ జలాల్లో తిరుగుతూ చైనా నావికులు సంపాదించుకున్నది ఇదే. వాళ్లు నిజమైన సముద్ర పోరు చూసి చాలా కాలమైంది, 1988లో వియత్నాంతో జరిగిన చిన్న ఘర్షణే చివరిది. రెండూ చెప్పు, ఏ ఒక్కటీ దాచకు.

మన గురించి అడుగుతారు. భయపెట్టకు, జోకొట్టకు. 2025 ఆగస్టు 26న విశాఖలో ఉదయగిరి, హిమగిరి అనే రెండు యుద్ధనౌకలు ఒకే రోజు దళంలో చేరాయి. ఒకటి ముంబయిలో, ఒకటి కోల్‌కతాలో కట్టినవి. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డుకు 44 వేల టన్నుల సరఫరా నౌకలు అయిదు కట్టే ఒప్పందం 2023 ఆగస్టులో దక్కింది. నన్నడిగితే మన నౌకాదళానికి ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ఆర్డరు అదే. వీలైతే పిల్లలను విశాఖ తీసుకువెళ్లి, రోడ్డు మీద నుంచే అయినా ఆ క్రేన్లను చూపించు.

పాఠం అయ్యాక ఎన్ని నౌకలు అని అడగవద్దు. "రెండు దేశాలకు చెరో ఇరవై డిస్ట్రాయర్లు ఉన్నాయి, ఒక దేశానికి సరఫరా నౌకలు లేవు. నెల తర్వాత సముద్రం మీద ఎవరివి ఎన్ని మిగులుతాయి?" అని అడుగు. జవాబు పత్రాలు ఇటు పంపితే దిద్ది పెడతాను.

మీ మావయ్య