బుజ్జికి, పెద్దమ్మ

బుజ్జీ,

నిన్న "పాజిటివ్ వచ్చింది పెద్దమ్మా" అని ఫోన్ పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఏమీ అనుకోలేదులే. ఏడేళ్ళ కిందట నా రిపోర్టు వచ్చినప్పుడు నేనూ రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నా. చదవాలనిపించినప్పుడే చదువు.

నీదీ నాలాగే బీఆర్‌సీఏ1 అట, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే, వంశంలో వచ్చే జన్యువు మార్పు. నా రిపోర్టు వచ్చిన రోజు నా బుర్రలో ఒక్క అంకే తిరిగింది: నూటికి 72, రొమ్ము క్యాన్సర్. మీ పెదనాన్న ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. అది 80 ఏళ్ళు వచ్చేసరికి వేసిన లెక్క అని జెనెటిక్ కౌన్సెలర్ విడమరిచి చెప్పేదాకా నాకు తట్టనే లేదు. ఈ ఏడాదే వస్తుందన్నట్టు వణికిపోయాను. నీకు 29.

మొదటి నెల ఏదీ తేల్చుకోకు. మూడో రోజుకే "అన్నీ తీసేయండి" అంటూ డాక్టరమ్మ ముందు కూర్చున్నదాన్ని నేను. ఆవిడ ఇంటికి పంపేసింది, మంచి పని చేసింది. నీ వయసులో ఏటా ఎమ్మారై, 30 దాటాక దానితో పాటు మామోగ్రామ్ చేయిస్తారు. అండాశయాలు తీసేసే ఆపరేషన్ మాట సాధారణంగా పిల్లలు పుట్టాక, 35-40 మధ్య. నేను ఆలస్యంగా తెలుసుకుని చేయించుకున్నాను. నీకు ఆలోచించుకునే టైముంది.

రాత్రి పదయ్యాక మాత్రం ఫోన్లో దీని గురించి వెతక్కు. రెండు మూడు వారాలైనా నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నేను మొహమాటపడి ఆర్నెల్లు పోగొట్టుకున్నాను.

ఇక మీ అమ్మ. "నా వల్లే దానికి వచ్చింది" అని వంటింట్లో ఏడుస్తోంది. ఇది మా నాన్నగారి వైపు నుంచి వచ్చింది. వాళ్ళ అక్క కడుపులో గడ్డతో పోయింది. మగవాళ్ళ ద్వారా కూడా వస్తుందని తెలియక మా అమ్మ పుట్టింటిని ఎన్నేళ్ళు ఆడిపోసుకున్నారో! ఆ సంగతి తనకి నేను చెబుతా. మీ అమ్మని ఓదార్చే పని కూడా నువ్వు నెత్తిన వేసుకోకు.

చెల్లి టెస్టు ఇంకా రాలేదు కదా. అటో ఇటో, సగం సగం. నెగటివ్ వస్తే అదీ ఏడుస్తుంది, చూడు. మీ మావయ్యకి నెగటివ్ వచ్చాక చాలాకాలం నా మొహంలోకి చూడలేకపోయాడు, ఏదో దొంగిలించినట్టు. దాన్ని కసురుకోకు.

ఎవరికి చెప్పాలంటావా? రక్తసంబంధీకులకు చెప్పాలి, వాళ్ళకి పనికొచ్చే విషయం. మిగతా చుట్టాలకి అక్కర్లేదు. సంబంధం కుదిరితే ఆ అబ్బాయికి నువ్వే, నిశ్చితార్థానికి ముందే చెప్పు. మధ్యవర్తుల నోట పడనివ్వకు. విని వెళ్ళిపోయేవాడైతే ముందే వెళ్ళనీ.

గురువారం కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నావట. నేనూ వస్తాను. లోపల సగం మాటలు చెవికెక్కవు, అందుకని నోట్‌బుక్కులో రాసి పెడతా. వద్దంటే బయట కుర్చీలో కూర్చుంటాను.

పెద్దమ్మ